అరవై మంచిదే అనుకున్నాను

మా ఇంట్లో ఇనుప పెట్టె అడుగున, రేషన్ కార్డు పక్కన రెండు ప్లాస్టిక్ కవర్లున్నాయి. ఒకదాంట్లో మా తమ్ముని ఎకో రిపోర్టులు, రెండోదాంట్లో మా ఇంటామె రిపోర్టులు. తమ్ముని కాగితం మీద 25 అని ఉన్నది, మా ఇంటామె కాగితం మీద 60 అని. ఈ రెండు అంకెలను పట్టుకుని నేను చేసిన తప్పు సంగతే ఈ నెల రాస్తున్నాను. రాయమని ఆమే అన్నది. "అందరికీ తెల్వనీ, నీ పేరు పెట్టకుంటే పెట్టకు" అన్నది.

మా తాత కరీంనగర్ దిక్కునుంచి మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చిండు. నేను ఇక్కడే పుట్టిన. 31 ఏండ్లు సాంచెల మీద పని చేసిన, అందులో చివరి 15 ఏండ్లు టవళ్ళ కార్ఖానాలో జాబర్‌ని. మా ఇంటామె పెండ్లికి ముందు నుంచే బీడీలు చుడుతది. మన వాడల్లో ఏ ఇల్లు చూసినా ఇదే కథ కాబట్టి దీన్ని పొడిగించను.

మొదట తమ్ముని సంగతి. రాత్రి పాళీ చేసి చేసి తాగుడుకు అలవాటు పడ్డడు. నాలుగేండ్ల కింద కాళ్ళు వాచినయి, రెండు మెట్లెక్కితే ఆయాసం. మొదలు గల్లీలోని చిన్న దవాఖానలో ఎకో తీసి 32 అన్నరు. తర్వాత పెద్ద దవాఖానకు తీస్కపోతే 25 అన్నరు. పదిహేను రోజులల్ల ఏడు అంకెలు పడిపోయిందని మా అమ్మ గుండెలు బాదుకున్నది. అసలు పడిపోలేదు, కొలిచే తీరు వేరు. ఆ సంగతి నాకు అప్పుడు తెల్వదు.

ఆ అంకె ఏందో ముందు చెప్పాలె. గుండెకు ఎడమ దిక్కు కింది గది ఉంటది, ఒంటికంతా నెత్తురు తోసేది అదే. అది సాగినప్పుడు ఎంత నెత్తురు నిండింది, బిగుసుకున్నప్పుడు అందులో నూటికి ఎంత బయటికి పోయింది, ఆ లెక్కే ఇది. 120 మిల్లీలీటర్లు నిండి 70 బయటికి పోతే 58 వచ్చినట్టు. నూటికి నూరు ఎవరికీ పోదు. ఆడ మనిషికి 54 నుంచి 74 దాకా, మొగోనికి 52 నుంచి 72 దాకా ఉంటే సరే అంటరు. తమ్మునికి గది బుగ్గలెక్క ఉబ్బి గోడ పలచబడ్డది. 200 నిండితే 50 పోతున్నది. అందుకే 25.

మరి 32 ఎట్లొచ్చింది? మొదటి దవాఖానలో గుండె మీద ఒక్క గీత గీసి, దాని వెడల్పు ఒక్కటే కొలిచి, మిగతాది సూత్రం పెట్టి లెక్క కట్టిండ్రు. గుండె సక్కటి గుడ్డు ఆకారంలో ఉంటే ఆ లెక్క సరిపోతది. ఉబ్బి రూపు చెడిన గుండెకు సరిపోదు. పెద్ద దవాఖానలో రెండు దిక్కుల నుంచి బొమ్మ తీసి, గది లోపలి అంచు వెంబడి గీత గీసిండ్రు. ఆ గదిని మిషిను 20 బిళ్ళలుగా కోస్తది. జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, పైన పెద్దవి, కొసకు పోతుంటే చిన్నవి. ఒక్కో రొట్టె ఎంతో లెక్క కట్టి అన్నీ కూడితే గది మొత్తం తేల్తది. దీన్ని సింప్సన్ పద్ధతి అంటరు. ఆ సింప్సన్ ఎవరో మా పెద్ద కొడుకు చదివి చెప్పిండు. థామస్ సింప్సన్ అని ఇంగ్లండ్ దేశపు లెక్కల పంతులు, 1710లో పుట్టిండు. నేతగాని కొడుకు, తనూ మగ్గం నేసినోడే. లండన్‌లో పట్టు నేతగాళ్ళుండే స్పిటల్‌ఫీల్డ్స్ వాడలో పగలు మగ్గం నేస్తూ తీరిక దొరికినప్పుడు లెక్కలు చెప్పేదట. 1743లో ఊల్విచ్ మిలిటరీ అకాడెమీలో ప్రొఫెసర్ అయిండు. మన కులపోడు కాడు గని మన పనోడు.

ఇంకో ముచ్చట కూడా చెప్తా. ఎకో మిషిను పుట్టింది కూడా కార్ఖానా సామానులోంచే. 1953లో స్వీడన్‌లోని లుండ్ ఊర్ల ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్స్ అనే ఫిజిక్స్ ఆయన కలిసి, లోహంలో పగుళ్ళు వెతికే చప్పుడు మిషినును మనిషి గుండె మీద పెట్టి చూసిండ్రు. దగ్గర్లోని మాల్మో ఓడల కార్ఖానాలో అసొంటి మిషిను వాడుతుండ్రని తెలిసి మొదలు అక్కడికే పోయిండ్రట. ఇనుప రేకులో చీలిక ఉంటే చప్పుడు తగిలి వెనక్కి వస్తది, గుండె గోడ తగిలినా అట్లే వస్తది. చెవికి వినపడని చప్పుడు అది. ఒంటికి నొప్పి లేదు, కోత లేదు.

సరే, తమ్ముని 25 మా ఇంటిని మార్చేసింది. మంచం వానికిచ్చినం. మా ఇంటామె వానికి ఉప్పు తక్కువ కూర వేరే వండేది. "వదినె, నీళ్ళియ్యి" అంటే చాట పక్కన పెట్టి లేచేది. తాగుడు మాన్పించినం, గోలీలు తప్పకుండ వేయించినం. మూడు నెలలకు 25 కాస్తా 30 అయితే నేను పావుకిలో పేడా తెచ్చిన. డాక్టరు నవ్విండు. "ఒకే గుండెను ఇద్దరు కొలిస్తేనే ఐదారు అంకెలు అటిటు అయితయి, ఇంకా ఆగండి" అన్నడు. ఏడాదికి 41 వచ్చింది. అది మాత్రం నిజమైన బాగే. ఇప్పుడు వాడు కిరాణా కొట్టు ముంగట కూరగాయల బండి పెట్టుకున్నడు. పేడాలు మాత్రం మళ్ళీ తేలేదు.

ఆ ఏడాదిలోనే మా ఇంటామెకు మొదలైంది. నేను చూడలేదు. చూసినా పట్టించుకోలేదంటే సరిపోతది.

రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది, ఏడెనిమిది వందలకు వచ్చింది. నీళ్ళ బిందె ఎత్తుకుని మెట్టు దగ్గర ఆగేది. పండుకుంటే దమ్ము వస్తదని రెండు మెత్తలు పెట్టుకునేది. తంబాకు దుమ్ము వల్ల అనుకున్నం. వయసు వల్ల అని మా కోడలు అన్నది. ఆఖరుకు ఒకనాడు ఆమే అడిగింది, "తమ్మునికి తీసినట్టు నాకు కూడా ఒకసారి ఆ బొమ్మ తీపియ్యరాదా?" అని. ఒకచోట ఎకో తీపిచ్చిన. కాగితం ఇచ్చినాయన చూసి "నార్మల్ హై, సాఠ్ హై" అన్నడు. సాఠ్ అంటే అరవై. బస్సులో వస్తూ ఆమె ఏం మాట్లాడలేదు, నాకు మాత్రం మనసు తేలికైంది.

నెల తిరక్కుండా మళ్ళీ ఆయాసం అన్నది. కార్ఖానాకు సంచి కట్టాల్సిన రోజు, పత్తా ఇంకా నానెయ్యలే. నాకు కోపం వచ్చింది. కోడలు ముంగట అన్న, "వానిది 25, నీది 60. వాడు బండి తోసుకుంటుండు, నీకేం రోగం?" అని.

ఆమె జవాబియ్యలేదు. చాట ముంగటికి గుంజుకున్నది.

మన ఇండ్లల్ల రోగానికి కూడా కాగితం కావాలె. కాగితం మీద అంకె తక్కువుంటే మంచం దొరుకుతది, ఎక్కువుంటే మాట దొరుకుతది. అందులోనూ మొగోని అంకెను ఒక తీరుగ, ఆడదాని అంకెను ఒక తీరుగ చదువుతం. ఇది నేను ఇప్పుడు అంటున్న మాట, అప్పుడు నాకు ఈ తెలివి లేదు.

వానకాలంల ఒక రాత్రి రెండు గంటలకు లేపింది. గోడకు ఆనుకుని కూసున్నది, చెమటలు, గొంతులో గురగుర, నోట్లోంచి నురుగు. మాట వస్తలేదు, చెయ్యి ఊపుతున్నది. రిక్షా దొరకలే. పక్కింటి పిల్లగాడు బండి మీద నడుమ కూసోబెట్టుకుని తీస్కపోయిండు, వెనక నేను పట్టుకున్న. దవాఖానలో బీపీ చూస్తే 210 మీద 120. ఊపిరితిత్తుల్లో నీళ్ళు నిండినయి అన్నరు. ఆక్సిజన్ పెట్టి, మూత్రం పోయే ఇంజెక్షన్ ఇచ్చి, బీపీ దించే మందు ఎక్కిచ్చిండ్రు. తెల్లారేసరికి దమ్ము తగ్గింది. నేను కవర్లోంచి పాత కాగితం తీసి డ్యూటీ డాక్టరుకు చూపెట్టి అన్న, "సార్, ఆమెకు 60 ఉన్నదండి, గుండె మంచిగనే ఉన్నది కదా?" ఆయన కాగితం చూసి నా మొహం చూసిండు. "పై లైను ఒక్కటే చదివినవా?" అన్నడు.

కింది లైన్లు అన్నీ అందులోనే ఉన్నయి. గుండె గదుల నడుమ గోడ మందం 15 మిల్లీమీటర్లు. ఆడవాళ్ళకు 9 దాటొద్దు. వెనక గోడ 14. ఎడమ పై గది 44, ఉండాల్సింది 38 లోపు. గోడ మందమెక్కిందని, గుండె సాగుడు తగ్గిందని ఇంగ్లీషులో రాసే ఉన్నది. మాకు చదువు రాదు, చదువు వచ్చినాయన "నార్మల్" అన్నడు. మేం ముగ్గురం కలిసి ఆ కాగితాన్ని అరవై చేసినం.

రెండు రోజులకు గుండె డాక్టరమ్మ మళ్ళీ ఎకో తీసింది. ఈసారి 62 వచ్చింది. ఊపిరితిత్తుల నిండ నీళ్ళు వచ్చిన మనిషికి 62 ఏందని నేను అడిగిన. ఆమె మంచిది, ఓపికగా చెప్పింది. ఆమె మరాఠీలో చెప్తే నేను సాంచెల భాషలో అర్థం చేసుకున్న, అట్లనే ఇక్కడ రాస్తున్న.

బీపీ ఏండ్ల తరబడి ఎక్కువుంటే గుండెకు ప్రతి దెబ్బకూ బరువు తోసినట్టే. బరువు మోసినోని జబ్బ లావైనట్టు గుండె గోడ లావైతది. లావైతే బలం అనుకుంటం. కాదు. లావైన గోడ లోపలికి పెరిగి గది ఇరుకైతది. 120 పట్టాల్సింది 70 పడ్తది. అందులో 42 పోతే నూటికి 60 వచ్చింది. అంకె అదే. బయటికి పోవాల్సింది 70, పోయింది 42. నూటి లెక్క ఈ తేడాను మింగేస్తది. పైగా గోడ దళసరిగా, బిర్రుగా ఉంటది కాబట్టి సాగదు, నిండదు. నిండని నెత్తురు వెనక్కి ఊపిరితిత్తుల మీద పడ్తది. అదే ఆమె గొంతులో గురగుర.

ఇంకోటి కూడా చెప్పింది, నాకు అసలు కన్ను తెరిపించింది అదే. గుండె కండ తన పోగులు ఎంత పొట్టిగ చేసుకుంటున్నదో ఆ 60 చెప్పదు. గోడ మందంగా ఉంటే పోగులు కొంచెమే ముడుచుకున్నా లోపలి అంచు బాగానే లోపలికి వచ్చినట్టు కనపడ్తది. గదిని బట్టి కొలిస్తే అంతా సక్కగ ఉన్నట్టే. కండను కొలవాలంటే వేరే కొలత ఉన్నది, దాన్ని స్ట్రెయిన్ అంటరు. ఎకో బొమ్మలో కండ మీద బూడిద రంగు చుక్కలు కనపడ్తయి, ప్రతి మనిషికీ వాటి అల్లిక వేరు. మిషిను ఆ చుక్కల వెంట పడి, దెబ్బ దెబ్బకు అవి ఎంత దగ్గరికి వస్తున్నయో చూస్తది. పది సెంటీమీటర్ల కండ బిగుసుకున్నప్పుడు ఎనిమిదికి వస్తే మైనస్ 20. పొట్టి అయ్యింది కాబట్టి మైనస్. మంచి గుండెకు ఇంచుమించు మైనస్ 20 ఉంటది. మా ఇంటామెకు మైనస్ 12 వచ్చింది.

నేను జాబర్‌ని గదా, వెంటనే టవలు గుర్తుకొచ్చింది. పొడవు సరిగ్గ, వెడల్పు సరిగ్గ, అంచు సక్కగ. టేపు పెట్టి కొలిస్తే ఎవడూ తప్పు పట్టలేడు. తక్కెడలో వేస్తే నూరు గ్రాములు తక్కువ. పేక పలచగ పడ్డది. మా సేటు టేపుతో కొలిచిన టవలును ఎన్నడూ నమ్మలేదు, తూకం చూడంది సంచిలో వేయనీయలేదు. 31 ఏండ్లు ఆ పని చేసిన నేను, ఇంట్ల టేపు ఒక్కటే పట్టుకుని ఆమెను మాటలన్న.

గుండె పోగులు కూడా ఒక తీరుగ ఉండవట. లోపలి వరుస ఒక దిక్కు ఏటవాలుగ, బయటి వరుస దానికి ఎదురు దిక్కు, నడుమ వరుస అడ్డంగ చుట్టుకుని ఉంటది. అందుకే గుండె పిండినట్టు మెలి తిరుగుతది, తడి టవలు పిండినట్టే. బీపీ దెబ్బ ముందు తగిలేది లోపలి వరుసకు. అది నిలువు దిక్కు ముడుచుకునే వరుస. అది సొమ్మసిల్లినా అడ్డం వరుస పని చేస్తూనే ఉంటది, 60 నిలబెడ్తది. ఒక మనిషి పని మానేస్తే పక్క మనిషి రెండు సాంచెలు ఎక్కువ చూసి ఉత్పత్తి నిలబెట్టినట్టు. లెక్క పుస్తకంలో ఏం తేడా రాదు, ఆ మనిషి పడిపోయేదాక.

డాక్టరమ్మ ఇంకా కొన్ని ప్రశ్నలడిగింది. మీ ఇంట్ల ఎవరన్న చిన్న వయసుల ఉన్నట్టుండి పోయిండ్రా అని. వంశంలో వచ్చే గుండె మందం కూడా ఒకటి ఉంటదట, దానికి బీపీతో పని లేదు. గోడలో వేరే పదార్థం పేరుకుపోయే రోగం ఇంకోటి. అందులో గుండె కొస ఒక్కటే మంచిగ ముడుచుకుంటది, మొదలు దిక్కు ముడుచుకోదు, స్ట్రెయిన్ బొమ్మ చూస్తే ఆ తేడా రంగుల్లో కనపడ్తది. మా ఇంటామెకు అవి రెండూ లేవు. ఉన్నది ఎన్నడూ కొలవని బీపీ. 50 ఏండ్ల మనిషి, 38 ఏండ్లుగ బీడీలు చుడుతున్నది, చేతికి పట్టీ కట్టి బీపీ చూసినోళ్ళు లేరు. చూపిచ్చాల్సిన నేనూ చూపియ్యలే. తమ్ముని వెంట దవాఖానకు ఎన్నిసార్లు వచ్చిందో, ఆ బెంచి మీదనే కూసున్నది, ఒక్కసారన్న ఆమె చెయ్యి కూడా చాపమని అనలే.

ఇప్పుడు బీపీకి రెండు తీర్ల గోలీలు, నీళ్ళు పోయే గోలీ ఒకటి. మూత్రంలో చక్కెర పోగొట్టే గోలీ ఒకటి కూడా రాసింది. నాకు అనుమానం వచ్చి "ఆమెకు షుగర్ లేదు కదా" అంటే, అది షుగర్ గోలీయే గని 60 ఉండి ఆయాసపడే ఇసొంటి గుండెలకు కూడా పని చేస్తదని 2021లో పెద్ద పరీక్షల్లో తేలిందని చెప్పింది. తమ్మునికి ఇచ్చిన గోలీలన్నీ ఈమెకు పనికి రావు. ఒకటే ఇంట్ల రెండు ఆయాసాలు, మందులు వేరే. ఇది ఎవరికన్నా చెప్పాల్సిన మాట, ఎందుకంటే తమ్ముడు ప్రేమతో తన గోలీల పత్తా ఒకటి వదినెకు ఇయ్యబోయిండు.

ఉప్పు మాన్పుడు మాత్రం పెద్ద యుద్ధం. ఎల్లిపాయ కారం, పల్లి కారప్పొడి, మామిడి తొక్కు లేనిదే ఆమెకు రొట్టె దిగదు. తమ్మునికి ఏడాది పాటు ఉప్పు లేని కూర వండిన మనిషి, తనకు వండుకొమ్మంటే "నాకు వేరే గిన్నె ఎందుకు, గ్యాసు దండుగ" అన్నది. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అదే చప్పటి కూర. కొడుకు మొహం ముడుచుకుంటడు, తింటడు.

ఆరు నెలలకు మళ్ళీ ఎకో తీపిచ్చినం. నేను ముందే అడిగిన, "స్ట్రెయిన్ చూడండి, గోడ మందం చూడండి, పోయినసారి తీసిన మిషిను మీదనే తీయండి" అని. మిషిను మారితే ఆ అంకె కూడా కొంచెం మారుతదట. డాక్టరమ్మ నవ్వి సరే అన్నది. గోడ 14. స్ట్రెయిన్ మైనస్ 14. ఆ పాత అంకె 60. మందం ఒక మిల్లీమీటరు తగ్గుడు కొలతలో తేడా కూడా కావచ్చు అన్నది, స్ట్రెయిన్ రెండు అంకెలు పెరుగుడు మంచిదే గని ఇంకోసారి చూసి చెప్తా అన్నది. ఈసారి నేను పేడా గురించి ఆలోచియ్యలే. రెండు మెత్తల నుంచి ఒక మెత్తకు వచ్చింది, అది నాకు కనపడే లెక్క.

బీడీలు పూర్తిగ మానలే. మానమన్న, మానలే. నాలుగు వందలు చుడుతది, తలుపు దగ్గర గాలి తగిలేచోట కూసుంటది. ఆనాడు కోడలు ముంగట అన్న మాటకు నేను కోడలు ముంగటనే తప్పయిందని అన్న. "సరే, ఆ తంబాకు డబ్బా ఇటియ్యి" అన్నది. మాఫ్ చేసిందో లేదో నాకు తెల్వదు, అడగలే.

పెద్ద కొడుకు బీపీ మిషిను కొన్నడు. పొద్దున్నే చాయ తాగకముందు ఐదు నిమిషాలు ఊకె కూసోవాలె, కాళ్ళు నేలకు ఆనించాలె, మాట్లాడొద్దు, అప్పుడు చూడాలె. ఆమెకు మాట్లాడకుండ ఉండుడే కష్టం. వచ్చిన అంకెను పాత బీడీ పుస్తకంలో వెనక దిక్కు ఖాళీ పేజీల్లో రాస్తున్నం. ముందు పేజీల్లో తారీఖు వారీగా ఎన్ని బీడీలు కట్టిందో ఉంటది, వెనక పేజీల్లో తారీఖు వారీగా బీపీ. నిన్న 136 మీద 84 వచ్చింది.

రాసి పుస్తకం మూస్తుంటే "నీది చూడు" అన్నది. నాకేం లేదన్న. చెయ్యి పట్టుకుని పట్టీ కట్టింది. 154 మీద 96. మిషిను తప్పు చూపెడ్తుందన్న. "ఐదు నిమిషాలు నోరు మూస్కొని కూసో, మళ్ళ చూద్దాం" అన్నది. పట్టీ విప్పలేదు.